న్యాయమైన అప్పు ఎక్కడ దొరకును?

(శతవార్షిక ఉత్సవముల సందర్భమున సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఇటువంటి పండుగ దినమున అప్పుల మాట ఎందుకని కొందరికి తోచవచ్చు. నన్ను మాట్లాడమని పెద్దలు అడిగినప్పుడు నేను కూడా వెనుకాడాను. కాని నేను జీవితమంతా లెక్కలు వ్రాసి బ్రతికినవాడిని. నాకు తెలిసినది ఇదొక్కటే. పైగా మన సంఘములో ఆరాధన ముగిసిన తరువాత చెట్టు క్రింద గుసగుసగా సాగే సంభాషణలలో సగము అప్పుల గురించే గదా! చెట్టు క్రింద మాట్లాడుకునేది వేదిక మీద మాట్లాడుకుంటే తప్పేమీ లేదు.

మాది కిన్నెరసాని వాగు దాపున అడవి అంచు పల్లె. నా చిన్నతనములో మృగశిర కార్తె వచ్చేసరికి ఇంట్లో జొన్నలు అయిపోయేవి. అమ్మ షావుకారు దగ్గరకు వెళ్లి రెండు బస్తాలు తెచ్చేది. పంట మీద మూడు బస్తాలు కొలవాలి. దానిని నాగు అనేవారు. ఒక యేడు వానలు లేక ఒక్క బస్తా మాత్రమే కొలిచాము. మిగిలిన రెండు బస్తాలు మరుసటి పంటకు మూడైనవి. ఆ యేడు తిండికి తెచ్చిన కొత్త రెండు బస్తాలకు మరొక మూడు. మొత్తము ఆరు బస్తాలు! మా చెలకలో అంత పండదు. చివరకు మా అన్న ఆ ఇంట జీతగాడుగా కుదిరాడు.

ఆ షావుకారు కఠినుడు కాడు. అమ్మను ఎన్నడూ దుర్భాషలాడలేదు. జబ్బు చేస్తే మందుకు కూడా డబ్బులిచ్చేవాడు. కాని లెక్క ఆయన పుస్తకములోనే ఉండేది, మాలో ఒక్కరికీ చదువు రాదు. అప్పు ఇచ్చేవాని మంచితనము వేరు, అప్పు న్యాయము వేరు అని నేను ఆ గడప దగ్గర నేర్చుకున్నాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఈ ప్రాంతము ఒకప్పుడు రెండు ప్రభుత్వముల క్రింద ఉండేది. పాల్వంచ వైపు నైజాము రాజ్యము. భద్రాచలం వైపు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి ఏజెన్సీ. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలియలేదు. 1940 దశకములో గోదావరి ఒడ్డు కొండరెడ్ల మధ్య నివసించిన హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు, కలప వ్యాపారులు ముందుగా ఇచ్చిన బయానాల వలన రెడ్లు ఏండ్ల తరబడి వారి కూపులలో కట్టుబడి పని చేయడమును చూచి వ్రాశాడు. అప్పు తీరదు గనుక పని తీరదు; పని తీరదు గనుక అప్పు తీరదు.

ప్రభుత్వములు ఊరక ఉండలేదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకు ఒక చట్టము చేసింది. దాని ప్రకారము కొండజాతివారి అప్పు మీద సంవత్సరమునకు నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ చెల్లదు. అనగా మన భాషలో రెండు రూపాయల వడ్డీ. చక్రవడ్డీ పనికిరాదు. మొత్తము వడ్డీ అసలును మించకూడదు. నైజాము ప్రభుత్వము 1936లో భాగేలా ఒప్పందముల మీద నిబంధనలు చేసింది. 1970 నాటి సవరణతో, మనము ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచే రెగ్యులేషను, షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా కట్టుదిట్టము చేసింది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని, దానికి మూలమైన అప్పును కూడా రద్దు చేసింది.

ఇవన్నీ మంచి చట్టములే. కాని చట్టము అన్యాయమైన అప్పును కొట్టివేయగలదు గాని, రాత్రి బిడ్డకు జ్వరము వస్తే ఆటో కిరాయికి అయిదువందలు ఇవ్వలేదు. ఆ రాత్రి ఎవరిస్తే వారి దగ్గరకే తల్లి పోతుంది. కనుక వడ్డీ వ్యాపారిని తిట్టుకొని ఇంటికి పోతే సరిపోదు. ఆయన గడపకు బదులుగా మరొక గడప ఉండాలి.

ఆ గడప ఎలా పుట్టిందో కొంచెము చెప్పుతాను. జర్మనీ దేశములో రైఫైజన్ అనే ఆయన పల్లెల మీద అధికారిగా ఉండేవాడు. 1846–47 కరువులో ధనవంతుల నుండి సొమ్ము పోగుచేసి పేదలకు రొట్టె అందించాడు. ఆ తరువాత కూడా కొన్నాళ్లు ధనికుల దాతృత్వము మీదనే సంఘములు నడిపాడు. అవి నిలువలేదు. ఇచ్చేవారు అలసిపోయారు. అప్పుడు ఆయన, పుచ్చుకునేవారే సభ్యులుగా, ఒకరికొకరు పూచీగా ఉండే సంఘమును 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో స్థాపించాడు. ఒకరినొకరు ఎరిగిన కొద్ది పల్లెల వరకే దాని హద్దు. మన దక్షిణ దేశములో ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతినే సిఫారసు చేస్తూ 1895, 1897లలో నివేదికలిచ్చాడు. 1904లో భారతదేశమునకు సహకార పరపతి సంఘముల చట్టము వచ్చింది. మన సొసైటీ అని మనము పిలిచే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘమునకు మూలము అదే.

ఈనాడు మన చుట్టూ ఉన్న గడపలను లెక్కించుదాము. పంట అప్పునకు సొసైటీ ఉన్నది, దాని వెనుక జిల్లా సహకార బ్యాంకు ఉన్నది. గ్రామీణ బ్యాంకు ఉన్నది. 2025 జనవరి 1 నుండి మన వైపు శాఖలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకుగా నడుస్తున్నవి. స్త్రీలకు పొదుపు సంఘములు, వాటి పైన గ్రామ సంఘము, మండల సమాఖ్య, 2011లో ఏర్పడిన స్త్రీనిధి ఉన్నవి. ఇప్పపువ్వు, చింతపండు, తేనె, జిగురు సేకరించేవారికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ వ్యవస్థ ఉన్నది. సరుకు న్యాయమైన ధరకు అమ్ముకోగలిగితే సంత వ్యాపారి బయానా అవసరము తగ్గుతుంది గనుక దానిని కూడా అప్పుల లెక్కలోనే చేర్చుతున్నాను. ఇక పరపతి, పొదుపు, అమ్మకము ఒకే చోట చేర్చిన సంఘము ఎంత కాలము నిలువగలదో చూడాలంటే దూరము పోనక్కరలేదు. 1956లో ఆరంభమైన ముల్కనూరు సహకార సంఘము మన పొరుగుననే ఉన్నది.

ఇన్ని ఉన్నప్పటికీ మనవారు గిరిగిరి ఫైనాన్సు వానికి ఎందుకు చిక్కుతున్నారు? ఆయన ఇంటికే వస్తాడు, కాగితములు అడగడు, అడిగిన రోజే ఇస్తాడు. ఆ తొందర ధర ఎంతో చూడండి. పదివేలు అప్పు అంటాడు. ముందే వేయి రూపాయలు కోసుకొని తొమ్మిది వేలు చేతికిస్తాడు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. ‘నూటికి పది రూపాయలే గదా’ అని మన చెల్లెలు అనుకుంటుంది. కాని ఆ తొమ్మిది వేలు నూరు రోజులూ ఆమె దగ్గర ఉండవు. రోజురోజుకు తరిగిపోతూ సగటున నాలుగున్నర వేలు మాత్రమే ఆమె చేతిలో ఉన్నవి. ఆ మాత్రమునకు నూరు రోజులలో వేయి రూపాయల వడ్డీ. నెలకు నూటికి ఆరు రూపాయలు దాటింది! 1917 నాటి చట్టము ఒప్పుకున్నదానికి మూడు రెట్లకు పైమాట.

మర్యాదగా కనిపించే అప్పులలో కూడా ఈ మర్మము ఉన్నది. పన్నెండు వేలు తీసుకొని, రూపాయి వడ్డీ అని చెప్పగా, నెలకు 1,120 చొప్పున పన్నెండు నెలలు కట్టారనుకోండి. వడ్డీ 1,440 అయినది. అదే రూపాయి వడ్డీని నెలనెలా మిగిలిన అసలు మీద మాత్రమే కడితే వడ్డీ 780 రూపాయలే. మాట ఒక్కటే, రూపాయి వడ్డీ. సొమ్ము దాదాపు రెండింతలు.

కనుక వేలిముద్ర వేసే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. చేతికి వచ్చేది ఎంత? మొత్తము కట్టేది ఎంత? వడ్డీ మొదటి అసలు మీదనా, మిగిలిన అసలు మీదనా? ఒక వాయిదా తప్పితే ఏమగును? బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఈ వివరములన్నీ ఒక కాగితము మీద, మనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుండి తప్పనిసరి చేసింది. సంవత్సరాదాయము మూడు లక్షల లోపు ఉన్న కుటుంబమునకు మైక్రోఫైనాన్సు అప్పు ఇచ్చేటప్పుడు, ఆ కుటుంబము నెలనెలా కట్టే అప్పులన్నీ కలిపి ఆదాయములో సగమునకు మించకూడదని 2022లోనే చెప్పింది. ఈ కాగితము అడిగితే ముఖము చిట్లించేవాడు, ఫోనులో అప్పిచ్చి మీ ఫోను లోపలి పేర్లన్నీ చూడనిమ్మనేవాడు న్యాయమైనవాడు కాడు. 2010లో మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడికి ఎన్ని ఇండ్లు కూలినవో, ప్రభుత్వము ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో మనము మరువలేదు. ఒకరి అప్పు తీర్చడానికి మరొకరి దగ్గర అప్పు తేవడముతోనే ఆ కూలడము మొదలైనది.

ఇప్పుడు నాకు కష్టమైన మాట చెప్పాలి. చాలా ఏండ్ల క్రిందట ఒక పల్లెలో మన స్త్రీలు పిడికెడు బియ్యము తీసిపెట్టే అలవాటు ఉన్నవారు గనుక, అదే అలవాటుతో వారానికి కొద్ది డబ్బు వేసి ఒక పొదుపు సంఘము పెట్టుకున్నారు. రూపాయి వడ్డీకి ఇచ్చుకునేవారు. మూడేండ్లు చక్కగా నడిచింది. ఆ లెక్కలు వ్రాసినవాడిని నేనే. నాలుగవ యేట ఇద్దరు పెద్దమనుష్యుల ఇండ్లకు పెద్ద మొత్తములు పోయినవి, వాయిదాలు ఆగినవి. నెలసరి కూటములో బాకీలు చదవాలి. ఆ ఇద్దరి ముఖము చూచి నేను చదువలేదు. ‘వచ్చే నెల చూద్దాములే’ అన్నాను. ఆ వచ్చే నెల ఎప్పుడూ రాలేదు. తక్కినవారికి సంగతి తెలిసి, మేమెందుకు కట్టాలని వారూ మానుకున్నారు. సంఘము మూతబడింది. ఆ తరువాతి వేసవిలో ఒక విధవరాలు తన కమ్మలు గిర్వి పెట్టి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చుకున్నది. ఆమె పొదుపు సొమ్ము మా పుస్తకములోనే ఉన్నది. చేతికి రాలేదు.

నా తల్లికి పుస్తకము చదవడము రాలేదు. నాకు వచ్చును, నేను చదువలేదు. రెంటిలో ఏది ఎక్కువ తప్పో మీరే చెప్పండి.

నెహెమ్యా గ్రంథము అయిదవ అధ్యాయములో ఇదే చిక్కు కనబడుతుంది. కరువులో ప్రజలు పొలములు, ఇండ్లు తాకట్టు పెట్టి, పిల్లలను దాసులుగా ఇచ్చారు. ఇచ్చినది పరదేశులకు కాదు, తమ సహోదరులకే. నెహెమ్యా అధిపతులను గదిలోకి పిలిచి మాట్లాడలేదు. పెద్ద సభ కూర్చి అందరి యెదుట అడిగాడు. పొలములతో పాటు వారు పుచ్చుకున్న నూరవ వంతును కూడా తిరిగి ఇమ్మన్నాడు. అది నెలకు నూటికి ఒకటి అని కొందరు పండితుల అభిప్రాయము. మనము ధర్మవడ్డీ అని మెచ్చుకునే రూపాయి వడ్డీనే ఆయన తిరిగి ఇప్పించాడేమో ఆలోచించండి! నా మనస్సుకు తగిలినది మాత్రము ఆ సభ. లెక్క బహిరంగముగా జరిగింది.

కాబట్టి న్యాయమైన అప్పు ఎక్కడ దొరకును అనే ప్రశ్నకు నా జవాబు ఇది. లెక్క పుస్తకము అందరి యెదుట చదివే చోట దొరకును. అది సొసైటీ కావచ్చు, పొదుపు సంఘము కావచ్చు, బ్యాంకు కావచ్చు. చదవడము మానిన దినమున మనవాళ్ల సంఘమైనా షావుకారు గడపతో సమానమే.

నా మనవి చిన్నది. ప్రతి పల్లెలోను నెలకొక ఆదివారము, ఆరాధన అయిన తరువాత, లెక్కలు వచ్చిన ఇద్దరు యువతీ యువకులు ఒక బల్ల వేసుకొని కూర్చోవాలి. ఎవరైనా తమ అప్పు కాగితము తెచ్చి చూపించుకోవచ్చు. వారు ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసి ఇవ్వాలి, విన్నది నోరు దాటనీయకూడదు. పొదుపు సంఘములున్న చోట మాత్రము బాకీలు పైకి చదవాలి. మొదట పెద్దల పేర్లు, తరువాత మిగిలినవారి పేర్లు. సిగ్గుపరచడానికి కాదు, రాత్రివేళ జ్వరముతో ఉన్న బిడ్డ తల్లి వచ్చినప్పుడు పెట్టెలో సొమ్ము ఉండడానికి.

మా పల్లెలో ఆ బల్ల వేయడానికి నేను ఒప్పుకున్నాను. ఆ పాత పుస్తకము ఇంకా నా దగ్గర ఉన్నది. మొదటి ఆదివారము దానినే చదువుతాను.