మూలకణ మార్పిడికి ఏ ఆసుపత్రి?

తలసీమియా ఉన్న బిడ్డకు నెలనెలా రక్తం ఎక్కిస్తున్న తల్లిదండ్రులు, డాక్టరు మూలకణ మార్పిడి మాట ఎత్తగానే అడిగేది ఒకటే: ఎక్కడ చేయించాలి?

మన దేశంలో ఈ చికిత్స 1983లో ముంబయి టాటా మెమోరియల్‌లో, 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు. పేరు చూసి పరుగెత్తకండి. మా బిడ్డ జబ్బుకు, ఈ వయసులో, ఇలాంటి దాతతో ఏటా ఎన్ని చేస్తున్నారు, వాళ్లలో ఎంతమంది బాగున్నారు అని అడగండి. పూర్తిగా సరిపోలిన తోబుట్టువు కణాల ఫలితం వేరు, సగమే సరిపోలిన తండ్రి కణాల ఫలితం వేరు. రెండూ కలిపేసి చెప్పే లెక్క మీకు దారి చూపదు. అన్నట్టు, ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే.

కొత్త కణాలు నాటుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. గాలిని వడగట్టే గదులు, అర్ధరాత్రయినా దొరికే ప్లేట్‌లెట్లు, పిల్లల ఐసీయూ ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి కనుక్కోండి.

మార్పిడి తర్వాత తొలి 100 రోజులు కీలకం. ఆసుపత్రి దగ్గరే అద్దెకుండాలి, జ్వరం వస్తే వెంటనే చేరుకోవాలి. ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. తలసీమియా బాల సేవా యోజన కింద కోల్ ఇండియా అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల దాకా సాయం చేస్తుంది, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో మాత్రమే. అడ్వాన్సు కట్టకముందే మీ ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో అడగండి.