పాలబండి వేగం తగ్గించుట: గేరుతోనా, బ్రేకుతోనా?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు బండి బ్రేకులతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చు. పని ఉన్నది. మేము సంఘాల వోచర్లు చూస్తాము. క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు, డీజిలు, దారిలో ఒలికిన పాలు, ఈ నాలుగు పద్దులను పక్కపక్కన పెట్టి చూస్తే, డ్రైవరు బండిని ఎట్లా ఆపుతున్నాడో అతని పక్క సీట్లో కూర్చోకుండానే చాలావరకు తెలిసిపోతుంది. ఆ ఖర్చు ఎవరో భరించేది కాదు. రవాణా కింద లీటరుకు ఇన్ని పైసలని పట్టుకునేది మీ పాల డబ్బులోనే. ఇక డబ్బుతో కొలవలేని నష్టం మరొకటి ఉన్నది. అది తెల్లవారుజాము చీకట్లో క్యాన్ల పక్కన రోడ్డు అంచున నిలబడే మన మనుషుల ప్రాణం.

ఈ విషయంలో డ్రైవర్లది మూడు దారులు. ఒకరు, "బ్రేకులు ఉన్నది ఆపడానికే కదా, ఇంజనును ఎందుకు కష్టపెట్టాలి?" అంటారు. ఇంకొకరు, "బ్రేకు ముట్టకుండా గేరుతోనే బండి ఆపినవాడే అసలైన డ్రైవరు" అంటారు. మూడవవారు ఏమీ అనరు. దిగుడు కనబడగానే డీజిలు కలిసి వస్తుందని న్యూట్రల్ చేసి బండిని వదిలేస్తారు. మొదటి ఇద్దరి మాటలో చెరి సగం నిజం ఉన్నది. మూడవవారు చేసేది మాత్రం పూర్తిగా తప్పు. ఎందుకో చూద్దాం.

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడమే. బండి, పాలు కలిపి 2,500 కిలోలు ఉన్నవనుకోండి. 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బండిని ఒక్కసారి పూర్తిగా ఆపితే పుట్టే వేడి, ఇంచుమించు ఒక లీటరు పచ్చిపాలను పొంగు వచ్చేదాకా కాచగలదు. ఆ వేడి అంతా డ్రమ్ములకు, లైనర్లకు, డిస్కులకు చేరుతుంది. ఆగి ఆగి పోతే గాలి తగిలి చల్లబడతాయి. ఎడతెగకుండా తొక్కి పట్టుకుంటే చల్లబడే వ్యవధి ఉండదు. లైనరు పట్టు సడలుతుంది. బ్రేకు ఆయిలు పాతదై తేమ పీల్చుకొని ఉంటే ఆ వేడికి అది మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడలు నేలకు తగులుతుంది గాని బండి ఆగదు.

ఇక ఇంజను పట్టు సంగతి. పశువైద్యుని సిరంజిని చూసే ఉంటారు. సూది పెట్టే కొనను వేలితో మూసి వెనుకకు లాగితే ఎంత బిగువుగా ఉంటుంది? పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు వదిలినప్పుడు జరిగేది అదే. గాలి వచ్చే దారి మూసుకుంటుంది, పిస్టన్లు ఆ బిగువుకు ఎదురు లాగుతాయి, చక్రాలు నెమ్మదిస్తాయి. డీజిలు ఇంజనులో ఈ బిగువు తక్కువ. అందుకే బస్సులకు, పెద్ద లారీలకు పొగగొట్టాన్ని కాస్త మూసి ఇంజనును బిగబట్టే ఎగ్జాస్టు బ్రేకు వేరుగా అమర్చుతారు. గేరు ఎంత తగ్గితే పట్టు అంత పెరుగుతుంది. ఈ పట్టుకు లైనరు అరుగుదల లేదు, వేడెక్కి సడలే భయమూ లేదు.

న్యూట్రల్‌లో ఈ పట్టు మొత్తం పోతుంది. పోనీ డీజిలు మిగులుతుందా అంటే అదీ లేదు. గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే, నేటి బండ్లలో ఇంజనుకు ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఎంతో కొంత కాలుతూనే ఉంటుంది. ఏకంగా తాళంచెవి తిప్పి ఇంజను ఆపేవారు మరీ ప్రమాదకరం. బ్రేకు పెడలును తేలిక చేసే బూస్టరుకు శక్తి ఇంజను నుండే వస్తుంది. ఇంజను ఆగాక రెండు మూడు సార్లు తొక్కేసరికి పెడలు రాయి వలె బిగుసుకుంటుంది. స్టీరింగు కూడా తాళం పడవచ్చు.

అయితే, గేరే సర్వస్వం అనేవారు కూడా ఒక మాట వినాలి. వేగం మీద ఉన్న బండిని నాలుగవ గేరు నుండి ఒక్కసారిగా రెండవ గేరుకు దించితే ఇంజను అరుస్తుంది, క్లచ్ ప్లేటు అరుగుతుంది. లైనరు మార్చడం చిన్న ఖర్చు. క్లచ్ దించడం పెద్ద ఖర్చు, పైగా ఆ రోజుకు బండి షెడ్డులోనే. చవక సామానును కాపాడడానికి ఖరీదైన సామానును అరగదీయడం పొదుపు అనిపించుకోదు. కావున మా సలహా ఇది: ముందుగానే యాక్సిలరేటరు వదలాలి, వేగం తగ్గిన కొద్దీ ఒక్కొక్క గేరు తగ్గించాలి, ఆపడానికి బ్రేకే వాడాలి, క్లచ్‌ను బండి ఆగబోయే చివరి క్షణంలోనే తొక్కాలి. గేరు నెమ్మదింపజేయడానికి, బ్రేకు నిలపడానికి.

మన రోడ్ల మీద దీనిని ఎట్లా పాటించాలి? సూర్యాపేట నుండి కోదాడ వరకు ఉన్నది ఒకప్పటి 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి. నాలుగు వరుసలు. హైదరాబాదు, విజయవాడ బండ్లు వెనుక నుండి తరుముకొస్తుంటాయి. గేరుతో మాత్రమే వేగం తగ్గిస్తే వెనుక ఎర్రదీపం వెలగదు. వెనుకవాడికి మనం నెమ్మదిస్తున్నట్లు తెలియదు. కనుక ఊరి మలుపు తిరిగే ముందు బ్రేకు పెడలును కాలితో కొద్దిగా తాకి దీపం చూపించాలి. వేగం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మంచి పొడి రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక దాదాపు 12 మీటర్లలో ఆగే బండి, 80లో దాదాపు 50 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. బ్రేకు మీదికి కాలు పోయేలోపల ఒక సెకను గడిస్తే మరో 22 మీటర్లు అదనం.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది పల్లెల రోడ్లది వేరే తీరు. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. నాట్ల కాలంలో ట్రాక్టర్లు మోసుకొచ్చిన బురద ఉంటుంది. వడ్ల మీద గాని, బురద మీద గాని గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం తిరగడం మాని జారుతుంది. ఒక్కసారిగా గేరు దించినా ఇదే ప్రమాదం, ముఖ్యంగా క్యాన్లు కట్టిన మోటారు సైకిళ్లకు. అక్కడికి చేరకముందే నెమ్మదించడం ఒక్కటే ఉపాయం. వడ్లు ఆరబోసేది కూడా మనమే గదా. పాలబండి పోయే దారి విడిచి ఆరబోస్తే మన పాలకే మేలు.

మన వైపు ఘాట్లు లేవు. కాని మన డ్రైవర్లు కుటుంబాలతో, బంధువులతో శ్రీశైలం, తిరుమల పోతూనే ఉంటారు. తిరుమలలో 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండవది ఎక్కడానికి వాడుతున్నారు. ఇటువంటి చోట దిగుడు మొదలుకాక ముందే చిన్న గేరు వేసుకోవాలి. ఎక్కేటప్పుడు వాడిన గేరే దిగేటప్పుడు వాడాలన్నది పాత డ్రైవర్ల మాట. అవసరమైతే ఇంకొకటి తగ్గించాలి. బ్రేకును తొక్కి పట్టుకోక, తొక్కి వదులుతూ ఉండాలి. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో సామర్థ్యానికి మించిన ప్రయాణికులతో దిగుతున్న బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయిన సంగతి మనం మరువరాదు. నిండు బరువు, దిగుడు బాట కలిసిన చోట పొరపాటుకు తావు లేదు.

ఇక పాల మాట. కుదుపు లేకుండా ఆగిన బండిలో క్యాను మూత కారదు. సగం నిండిన క్యాను ఎక్కువ కుదిలితే కవ్వం పెట్టి చిలికినట్లు వెన్న పూసలు కడుతుంది. అప్పుడు తీసిన నమూనాలో వెన్న శాతం సరిగా రాదు, నష్టం సభ్యునిది. సగం నిండిన ట్యాంకరు మరీ ప్రమాదం. బ్రేకు వేయగానే లోపలి పాలు అలవలె ముందుకు వచ్చి బండిని ఒక తోపు తోస్తాయి.

డ్రైవరు తొందరకు మూలం చాలాసార్లు మన సంఘం కాటా దగ్గరే ఉన్నది. సభ్యులు పది నిమిషాలు ఆలస్యంగా పాలు పోస్తే, ఆ పది నిమిషాలను డ్రైవరు రోడ్డు మీద వసూలు చేసుకుంటాడు. కూలరుకు పాలు వేళకు చేరకపోతే విరుగుతాయన్న భయం అతనికి ఉన్నది. ముందుగా నెమ్మదించమని చెప్పాలంటే, నెమ్మదించే వ్యవధి మనం ఇవ్వాలి. కావున పాలకవర్గాలు ఈ నాలుగు పనులు తీర్మానం చేసి అమలు పరచాలని కోరుతున్నాము.

1. పాలు పోసే వేళ ముగియగానే కాటా మూయాలి, బండిని ఆపరాదు.

2. ప్రతి బండికి ఒక రిజిస్టరు పెట్టి బ్రేకు లైనర్లు, బ్రేకు ఆయిలు, క్లచ్, టైర్లు మార్చిన తేదీలు, కిలోమీటరు రీడింగు రాయాలి. బ్రేకు ఆయిలు సాధారణంగా రెండేళ్లకొకసారి మార్చాలి.

3. డీజిలు పొదుపు ఒక్కటే చూసి డ్రైవరుకు బహుమానం ఇవ్వరాదు. అది న్యూట్రల్ అలవాటుకు దారి తీస్తుంది. లీకు లేకుండా, వేళకు చేరిన ట్రిప్పులను కూడా లెక్కించాలి.

4. క్యాన్ల మీద, బండి వెనుక మనుషులను ఎక్కించరాదు. గట్టిగా బ్రేకు పడితే ముందు పడేది వారే.

అద్దె బండ్లు నడిపే సంఘాలు కూడా ఒప్పందంలో ఈ షరతులు రాయించుకోవాలి. తనిఖీకి వచ్చినప్పుడు మేము నగదు పుస్తకంతో పాటు బండి రిజిస్టరు కూడా అడుగుతాము. అది తప్పు పట్టడానికి కాదు. పాలు పోసే చేతులకు పూర్తి ధర రావాలని, పాలు మోసే మనిషి సాయంత్రానికి ఇల్లు చేరాలని.