మృతుల సంఖ్య ఎవరి లెక్క?

ఈ ఉపన్యాసం ఒక పాత్రికేయుని పేరున జరుగుతోంది కాబట్టి, పత్రికలు తరచు తడబడే చోటు గురించే మాట్లాడాలనుకున్నాను. ఫ్లూ ప్రబలినప్పుడు వార్తల్లో వచ్చే మృతుల సంఖ్యను ఎంతవరకు నమ్మాలి?

2009 ఏప్రిల్ చివరి వారంలో, మెక్సికోలో స్వైన్‌ఫ్లూ అనే కొత్త ఫ్లూ సోకి 150 మంది దాకా చనిపోయారని దేశదేశాల్లో పతాక శీర్షికలు వచ్చాయి. అవన్నీ అనుమానిత మరణాలు. అదే వారంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రయోగశాలలో నిర్ధారణ అయినవి ఏడేనని చెప్పింది. రెండు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. మొదటిది వైద్యుల అనుమానం, రెండోది అప్పటికి పరీక్ష పూర్తయిన నమూనాల ఫలితం. కాని శీర్షికకు ఎక్కేసరికి ‘అనుమానిత’ అన్న మాట చాలాచోట్ల రాలిపోయింది. ఆ వారంలోనే ఈజిప్టు ప్రభుత్వం తమ దేశంలో ఉన్న దాదాపు మూడు లక్షల పందులను వధించాలని ఆదేశించింది. అప్పటికి అక్కడ ఒక్క కేసు కూడా లేదు. జబ్బు పాకుతున్నది మనిషి నుంచి మనిషికి. పందులను పెంచుకుని బతికే పేద కుటుంబాల జీవనాధారం పోయింది.

మన దేశంలో తొలి కేసు 2009 మేలో హైదరాబాదులోనే, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడిలో బయటపడింది. ఆగస్టు 3న పుణేలో ఒక బడిపిల్ల చనిపోయింది. అది దేశంలో తొలి మరణం. ఆపైన ఆసుపత్రుల ముందు బారులు, మూసిన బడులు, మందుల షాపుల్లో దొరకని మాస్కులు. ఆ ఏడాదే కేంద్ర ఆరోగ్య శాఖ రోగులను ఏ, బీ, సీ అని మూడు తరగతులు చేసింది. మామూలు జ్వరం, దగ్గు ఉన్నవారికి పరీక్ష అక్కర్లేదంది. ఆయాసం, ఛాతీ నొప్పి వంటి ప్రమాద లక్షణాలున్న సీ తరగతికే పరీక్ష. వైద్యపరంగా అది సబబైన నిర్ణయమే. కాని దాంతో ‘నిర్ధారిత కేసులు’ అంటే ముఖ్యంగా ముదిరిన కేసులు అని అర్థం మారింది. వాటిలో మరణాల శాతం కట్టి, జబ్బు సోకిన ప్రతివారికీ అంత ముప్పు ఉన్నట్టు రాస్తే పాఠకుణ్ని తప్పుదారి పట్టించినట్టే.

జిల్లా పేజీలో ‘స్వైన్‌ఫ్లూతో మహిళ మృతి’ అన్న సింగిల్ కాలమ్ వార్త చూడండి. గొంతు, ముక్కు నుంచి స్వాబ్ తీశారా? తీసినది ఐసు పెట్టెలో ల్యాబుకు చేరిందా? ఫలితం వచ్చిందా, లేక బంధువులు చెప్పిన మాటేనా? ఆలస్యంగా తీసిన నమూనాలో వైరస్ దొరక్కపోవచ్చు. కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫ్లూ కాదని తేల్చలేం. ఆమె గర్భిణియా, మధుమేహం ఉందా అన్నది కూడా చెబితే, అలాంటివారున్న ఇల్లు జాగ్రత్తపడుతుంది.

లెక్క ఎప్పుడూ ఎక్కువవైపే తప్పుతుందనుకోకండి. 2010 ఆగస్టులో ఆ మహమ్మారి ముగిసిందని ప్రకటించేనాటికి ప్రపంచవ్యాప్తంగా నిర్ధారణ అయిన మరణాలు 18,449. ఇంతేనా, ఊరికే భయపెట్టారని విమర్శలు వెల్లువెత్తాయి. 2012లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తల నేతృత్వంలో వెలువడిన అంచనా ప్రకారం, మొదటి ఏడాదిలో చనిపోయినవారు లక్షన్నరకు పైగా, అయిదు లక్షల డెబ్బై అయిదు వేల దాకా ఉంటారు. పరీక్షకు నోచుకోని పేద దేశాల మరణాలు మొదటి లెక్కకు చేరనే లేదు. ఈ రెండో వార్త ఎన్ని పత్రికల్లో మొదటి పేజీకి వచ్చింది?

అసలు రాయనివ్వని కాలమూ ఉంది. 1918 ఫ్లూ మహమ్మారి నాడు, యుద్ధంలో ఉన్న దేశాలు సెన్సారు పెట్టి ఆ వార్తలను తొక్కిపట్టాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలు రాశాయి. అతిగా రాయడం తప్పే, కాని దాచడం అంతకన్నా పెద్ద తప్పు అని నేను నమ్ముతాను. ‘ఇంకా తేలలేదు’ అని రాయగలిగిన విలేకరిని అందరికన్నా ఎక్కువగా నమ్ముతాను.

ఇక్కడున్న యువ విలేకరులను ఒకటి కోరుతున్నాను. వైద్యాధికారి మరణాల సంఖ్య చెప్పినప్పుడు, ఎంతమందికి పరీక్ష చేశారో, ఎలాంటివారికి చేశారో కూడా అడగండి. ఆ జవాబును మరణాల సంఖ్య పక్కనే, అదే వాక్యంలో అచ్చు వేయండి.