కొండదారి బండికి చట్రము, కమాను



గ్రామములలో పెద్దలైన మీకు బండి క్రొత్తది కాదు. ఇరుసు, ఆకులు, పోలుగఱ్ఱ, కాడి - వీని మంచిచెడ్డలు నాకంటె మీకే యెక్కువ తెలియును. నేడు నేను చెప్పబూనినది మోటారు బండిని గూర్చి. అందును, మంచి బాట లేనిచోట నడువవలసిన జీపును గూర్చి. నేను విశాఖపట్టణమున ముప్పదియైదేండ్లు ఇనుపపని చేసి బ్రదికినవాడను. పండితుడను గాను. ఒకానొక తప్పు చేసి, దానివలన నేర్చుకొన్న నాలుగు ముక్కలు మీకు విన్నవింప వచ్చితిని.

మా పట్టణమునకు ఇనుము చుట్టము వంటిది. 1933లో ఓడరేవు తెరవబడినది. 1941లో పునాది పడిన ఓడల కర్మాగారమునుండి 1948 మార్చి 14వ తేదీన ‘జలఉష’ యను ఓడను జవహర్లాల్ నెహ్రూగారు నీటిలోనికి దింపిరి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. ఇంత ఇనుము నడుమ తిరుగు మాబోటి పనివాండ్రకు ఒక భ్రమ యుండెడిది. ఇనుము ఎంత దళసరియైన అంత బలమని మా నమ్మకము.

పట్టణమునకు వాయవ్యముగా శృంగవరపుకోట దాటి, అనంతగిరి ఘాటు ఎక్కినచో సుమారు 900 మీటర్ల యెత్తున అరకులోయ కలదు. ఘాటురోడ్డు మంచిదే. కాని దానిని విడిచి గూడెములకు పోవు దారులలో వాగులు, బండలు, బురద. రోగిని, నిండు గర్భిణిని డోలీ కట్టి మోసికొని వచ్చు కష్టము ఆ సీమలో కొన్ని గూడెములకు నేటికిని తప్పలేదు.

అట్టి దారులకు జీపే తగినదని పేరు. అది రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యమునకై పుట్టినది. విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండును గలిసి ఆరు లక్షలకు పైగా చేసినవి. మన దేశమున మహీంద్రావారు బొంబాయిలో వీని బిగింపు మొదలిడిరి. ఆనాటి జీపునకు ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 80 అంగుళములు మాత్రమే. నిచ్చెనవంటి ఉక్కు చట్రము, దాని క్రింద నాలుగు కమాను కట్టలు, నాలుగు చక్రములకును యంత్రబలము - ఇదియే దాని స్వరూపము.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట ఒక గూడెపు పెద్ద పాత జీపు నొకదానిని నాయొద్దకు తెచ్చెను. “బాబూ, వాగులో బండ తగిలి బండి ఆగిపోతోంది. కొంచెం ఎత్తు చేసిపెట్టు. మాలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఇదే దిక్కు” అనెను. నాకు జాలియు, గర్వమును ఒక్కసారే కలిగినవి. “పెద్దయ్యా, ఏనుగులా నిలబెడతాను చూడు” అంటిని.

నేను మూడు పనులు చేసితిని. పల్చని కమాను పట్టీలు తీసివేసి, దళసరి పట్టీలు కొద్దిగా వేసితిని. కొక్కెములు పొడుగుచేసి బండిని ఆరంగుళములు లేపితిని. చట్రము ఊగకుండునట్లు దాని అడుగంచున అడ్డముగా లావుపాటి రేకు వెల్డింగు చేసితిని. బండి వాగు దాటినది. గూడెమంతయు నన్ను మెచ్చుకొనినది.

మూడవ నెలలో వానలు పట్టినవి. జబ్బుపడిన ఒక ముసలమ్మను దింపుకొని వచ్చుచు, ఏటవాలు మలుపులో ఆ బండి పల్టీ కొట్టినది. బండి నడపు కుర్రవాని చేయి విరిగెను. ముసలమ్మను మరల డోలీలోనే మోసికొని పోయిరి. ప్రాణములు దక్కుట దైవకృప. నేను పోయి చట్రము క్రింద దూరి చూడగా, నేను వేసిన వెల్డింగు అంచుననే వెండ్రుకవంటి పగులు కనబడినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నా తప్పులను మీకు తెలిసిన వస్తువులతోనే చెప్పెదను.

మొదటిది ఎత్తు. గడ్డిబండిని మోకు మించి యెత్తుగా వేసినచో గట్టుమీద ఏమగునో మీరెరుగుదురు. బరువు పైకి పోయినది గాని చక్రముల నడుమ వెడల్పు పెరుగలేదు. నేను జీపును గడ్డిబండిని చేసితిని.

రెండవది చట్రము. ఇంటి దూలముమీద బరువు పడినప్పుడు దాని పై అంచు నలుగును, క్రింది అంచు సాగును. నడిమి భాగమునకు శ్రమ తక్కువ. అందుచేతనే తెలిసిన వడ్రంగి దూలము అడుగున గాటు పెట్టడు. చట్రపు కమ్మియు అట్టిదే. రంధ్రము వేయవలసివచ్చిన నడుమ వేయవలెను. అంచులపై అడ్డముగా వెల్డింగు చేయరాదు. వేడి తగిలినచోట ఉక్కు గుణము మారును. పగులు అచ్చటనే పుట్టును. మఱియు చట్రము కొంచెము మెలిక తిరుగుటయే మంచిది. మిట్టపల్లములుగల వాకిట గట్టి బల్ల వేసినచో ఒక కాలు గాలిలో నుండును. నులకమంచము వేసినచో కొంచెము సాగి నాలుగు కాళ్లును నేలకు ఆనును. నేల విడిచిన చక్రము బండిని లాగలేదు.

మూడవది కమాను. పట్టీ మందము సగమైనచో దాని బలము నాలుగవ వంతగును. బిగువు మాత్రము ఎనిమిదవ వంతునకు దిగును. కాబట్టి ఒక దళసరి పట్టీకి బదులు సగము మందముగల పట్టీలు నాలుగు పేర్చినచో బరువు మోయుశక్తి అంతయే యుండి, రెండింతలు వంగును. ఎక్కువ పట్టీలు పేర్చుటలోని రహస్యమిదియే. ఆ ఉక్కునకు నీరుపెట్టి, పదును తెచ్చి చేయుదురు. దానిని మంటలో కాల్చినను, వెల్డింగు చేసినను ఆ గుణము పోవును.

పిమ్మట నా ఖర్చుతోనే ఆ బండిని విప్పితిని. అదే కొలతగల చట్రమును అధికారులకు ఎరిగించి అమర్చితిని. కంపెనీవారు మొదట ఉంచిన పల్చని పట్టీల లెక్కకే వచ్చితిని. అరిగిన బుష్షులు మార్చితిని. బండి పూర్వపు ఎత్తునకు దిగినది. “మరి వాగులో బండ మాటేమిటి?” అని గూడెపు పెద్ద నడిగితిని. అతడు నవ్వి, “బండిని లేపడం కంటే బండను తీయడమే మేలు బాబూ” అనెను. పదిమంది గునపములు పట్టి రెండు దినములలో ఆ రేవును చదును చేసిరి. నా ముప్పదియైదేండ్ల విద్యకంటె ఆ మాట గొప్పది.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమున కెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు దీనినే స్థిరపరచినది. ఆనాడు నేను దీనిని లెక్కచేయలేదు. ఇది వట్టి కాగితపు నియమము కాదని, విరిగిన ఆ చేతిని చూచినప్పుడు తెలిసినది.

పెద్దలారా, మీ ఊరి జీపును మరమ్మతునకు ఇచ్చునపుడు పనివానిని మూడు ప్రశ్న లడుగుడు. బండి యెత్తు మారునా? చట్రపు అంచున వెల్డింగు పడునా? కమాను పట్టీలు కంపెనీ లెక్కకు సరిపోవునా? ఈ మూడింటికిని తిన్నగా జవాబు చెప్పువానికే బండి నప్పగింపుడు. ఆ బండిలో కూర్చుండువారు మీవారే గదా. సెలవు.