విద్యుత్తు లెక్క యెవరిది?

(సిర్గాపూర్‌లో చేసిన ప్రసంగ పాఠము)



నీటిని చెరువున నిలుపుకొందుము. విద్యుత్తును విస్తారముగా నిలువచేయుట నేటికిని మిక్కిలి వ్యయసాధ్యము. వాడుక యెంతయో యుత్పత్తియు నా క్షణముననే యంత యుండవలయును. 2012 జులై 30, 31 తేదీలలో తీగలపై భారము మితిమీరి గ్రిడ్డు కూలగా నుత్తరాదిని కోట్లకొలది జనులు చీకటిపాలైరి. దక్షిణాది గ్రిడ్డు నాడు వేరుగా నుండుటచే బయటపడినది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు మార్గముతో దేశమంతయు నొకే గ్రిడ్డైనది. నాటినుండి లాభమును ఉమ్మడియే, అపాయమును ఉమ్మడియే.

సంస్కరణము మనకు క్రొత్త గాదు. 1999లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డును విభజించిరి. మరుసటి యేడు చార్జీల పెంపును ప్రజలు ప్రతిఘటింపగా, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పులు ప్రాణములను బలిగొనెను. ప్రజలను ఒప్పింపని సంస్కరణము నిలువదని మేము నాడే నేర్చితిమి.

2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటల యుచిత విద్యుత్తు మొదలైనది. రైతునకిది గొప్ప యూరట. కాని యుచితమనగా ఖర్చు లేదని యర్థము గాదు; ఖజానా చెల్లించును, ఖజానా మనది. ఆటోస్టార్టరు పెట్టి రాత్రియెల్ల మోటారు నడిపినచో కరెంటును బోరునీరును రెండును నష్టము. సౌరవిద్యుత్తు లభించు పగటివేళనే నీరు తోడుకొనుట మేలు.

చార్జీలను నిర్ణయించుటకు ముందు నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపును. అచట ప్రశ్నించు హక్కు ప్రతి వినియోగదారునకును గలదు. సిర్గాపూరు గొంతు నచట వినిపింపుడని మా విన్నపము.