సామ్రాజ్యాన్ని నిలిపిన మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాజ్యాలు కత్తితో పుడతాయంటారు. కాదనలేము. కాని కత్తితో వచ్చిన రాజ్యం దేనితో నిలుస్తుంది? దూరం పోనక్కరలేదు, మన కాకతీయులనే చూతము.

వారు మొదట స్వతంత్రులు కారు. రాష్ట్రకూటులకు, తరువాత కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ ప్రభువులు బలహీనులైనప్పుడు రుద్రదేవుడు తలయెత్తినాడు. 1163 నాటి అనుమకొండ శాసనమే అందుకు సాక్షి. 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు దివిసీమను గెలిచినాడు. గెలిచి ఊరకుండక, ఆ యింటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెండ్లాడి, వారి సోదరుడు జాయపను గజసేనకు అధిపతిని చేసినాడు. కుమార్తె గణపాంబను ధరణికోట ప్రభువు బేతరాజుకిచ్చినాడు. ఆ విధంగా నిన్నటి శత్రువు నేటి బంధువైనాడు.

రెండవది నీరు. పాకాల, రామప్ప చెరువులు ఆనాటివే. నేటికీ పొలాలను తడుపుతున్నవి. చెరువు నిండితే పంట. పంట పండితే పన్ను. పన్ను వస్తేనే సైన్యం.

మూడవది మాట. సముద్రపుటొడ్డున బ్రతికే మనకు ఇది బాగా తెలియాలి. తుఫానుకు చితికి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగుకొనేవారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించినాడు. ముప్పదింట ఒక వంతు సుంకం తప్ప మరేమీ ముట్టబోమని పరదేశి వర్తకులకు మాట యిచ్చినాడు. దోపిడి ఒకనాటి రాబడి. నమ్మకం ఏటేటి రాబడి.

మరి ఆ రాజ్యమేమైనది? 1310లోనే ఢిల్లీ సేనలకు ఏనుగులు, ధనము ఇచ్చి సంధి చేసుకోవలసి వచ్చినది. 1316లో ముప్పిడినాయకుడు ఈ ప్రాంతాన కంచిని పట్టుకొన్నాడు. ఏడేండ్లకే, 1323లో, ఓరుగల్లు కూలినది. ఎల్లలు పెరిగినంతమాత్రాన బలం పెరిగినట్లు కాదు.

సోదరులారా! పొట్టకూటికై ఎన్నూరు చేరిన మనకు కోటలు లేవు, సేనలు లేవు. మాట యున్నది. మనవాడొకడు పనికోసం కొత్తగా యిక్కడ దిగితే దళారి చేతిలో పడకముందే మన సంఘం చేయి అతనికి అందవలెను. అతని పేరు, ఊరు వ్రాసి ఉంచుదాము. కూలి ఎగవేస్తే వెంట వెళ్లి అడుగుదాము. ఈ యేడు మన సంఘం ఇచ్చే అభయశాసనం అదే కావలెనని మా మనవి.