సంఘం కాగితాలు తిరిగే దారి



వరి పిలకలు వేసేనాటికి పైపాటు యూరియా చేనికి చేరవలెను. అదను దాటిన పిదప బస్తా వచ్చినా పంటకు వొరిగేది కొంచెమే. సంఘంలో సరుకుండి కూడా ఆలస్యమెందుకు? అర్జీ ఒక బల్లమీద, సంతకం చేసేవారు వేరొక వూళ్ళో. అందుకని.

ఈ పనికిప్పుడు లో-కోడ్ అనే పద్ధతి వున్నది. ప్రోగ్రాము రాయడం రానివారు సైతం గళ్ళూ, మీటలూ అమర్చుకొని సెల్‌ఫోనులో నడిచే పద్దు తయారుచేసుకోవచ్చు. చెన్నైలోని జోహో వారి క్రియేటర్ 2006 నుంచి వున్నది. ఆప్‌షీట్‌ను 2020లో గూగుల్ కొన్నది. సిగ్నల్ లేనిచోట రాసినది ఫోనులో నిలిచి, తరువాత చేరే యేర్పాటు దానిలో వున్నది. నెల అద్దె ఎంతో, మన లెక్కలు మనం దింపుకోవచ్చునో లేదో ముందే అడగండి.

మొదటి పని మాత్రం కాగితం మీదనే. అర్జీ ఎవరు పుచ్చుకుంటారు, ఎవరు సరిచూస్తారు, ఎవరు మంజూరు చేస్తారు, సరుకు చాలకుంటే ఏమి చేయాలి? వరుసగా రాయండి. వరుస తప్పయితే యంత్రం ఆ తప్పునే వేగంగా చేస్తుంది సుమండీ! మంజూరుదారు రెండురోజులు పలకకపోతే కబురు అధ్యక్షునికి వెళ్ళేటట్లు పెట్టండి.

ఒక పంటకాలం పాత పుస్తకం కూడా రాయండి. రెండింటి మొత్తాలు వారంవారం సరిచూడండి. పాస్‌వర్డు ఎవరిది వారే వుంచుకోవలెను. లేకుంటే మంజూరు చేసిందెవరో తేలదు. ఫోను లేని రైతు నోటితో చెబితే గుమాస్తా రాసుకొని, నంబరు చీటీ ఇవ్వాలి. ఫోను లేదని ఏ రైతూ వరుసలో వెనుకబడరాదు.

సెలవు.